చల్లపెట్టె తాగిన చెలిమ

బెళుగుప్పకు పడమటి పక్క పల్లెల్లో మే నెల ఎండ ఎలా ఉంటుందంటే, కాకి కూడా దిగే చోట నీడ ఉందో లేదో చూసుకున్నాకే ఎగురుతుంది. గొర్రె తుమ్మితే దుమ్ము రాలుతుంది. కోడి గుడ్డు పెట్టి వెనక్కి తిరిగి చూసేలోపు ఆ గుడ్డు ఉడికిపోయి ఉంటుందని బండి తోలే రామాంజులు ఒట్టేసి చెబుతాడు. ఆ గుడ్డును ఉప్పు కారం అద్దుకుని తానే తిన్నానని కూడా చెబుతాడు. నమ్మనివాళ్లు మధ్యాహ్నం బస్సుకు వచ్చి, చెప్పులు విడిచి, రోడ్డు మీద ఒక్క క్షణం నిలబడి చూడవచ్చు. అలాంటి ఎండకు కూడా జంకని జనం అక్కడి ఒక ఊళ్లో కదిరమ్మ నోటికి జంకేవాళ్లు.

కదిరమ్మది ఊరికి దిగువన కూలీల వాడ, అక్కడివాళ్ల మాటలో గేరి. మొగుడు పాపన్న తాడిపత్రిలో రాళ్లు కొయ్యడానికి పోయి, పండక్కో పబ్బానికో వచ్చేవాడు. అతను అంత దూరం పోయింది కూలి కోసం కాదనీ, చెవులకు విశ్రాంతి కోసమనీ గేరిలో అనుకునేవాళ్లు. ఆమె ఊరి పక్కన పారే వంకకు ఈ గట్టున నిలబడి అరిస్తే ఆ గట్టున దున్నే ఎద్దులు నాగలితో సహా ఆగిపోయేవట. అది కాస్త ఎక్కువ చేసి చెప్పుకున్న మాటే కావచ్చు. ఎద్దులు ఆగడం మాత్రం చూసినవాళ్లున్నారు.

ఆ ఊళ్లో బావులకు కొదవ లేదు. ఏ బావిలో చూసినా ఉప్పునీళ్లే. ఎండాకాలం వస్తే తాగడానికి దిక్కు వంకలోని చెలిమ ఒక్కటే. ఎండిన వంక ఇసుకలో మోకాటి లోతు గుంట తీస్తే అడుగున నీరు ఊరుతుంది. చంటిబిడ్డ చొంగ కార్చినంత నెమ్మదిగా ఊరుతుంది. టెంకాయ చిప్పతో తోడి, కడవ మూతికి గుడ్డ కట్టి వడబోసుకోవాలి. చెలిమ ముందు తొందర పనికిరాదు. అందుకే గేరి ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికొక కడవ వరసలో పెట్టాలి. కడవ ఉంటే మనిషి ఉన్నట్టే. వంతు వచ్చినప్పుడు ఒక్క కడవ నింపుకుని పక్కకు జరగాలి. రెండోది కావాలంటే మళ్లీ వరస చివరికి పోవాలి. ఇంట్లో పెళ్లి జరుగుతున్నా అంతే, పోట్లాట జరుగుతున్నా అంతే. ఈ వరసకు కావలి కదిరమ్మ నోరు. కడవను ఎవరైనా కాలితో ఒక జానెడు ముందుకు జరిపితే, వాళ్ల ముత్తవ్వ చేసిన తప్పులతో మొదలుపెట్టి అందరినీ కడిగిపారేసేది.

అలాంటి కదిరమ్మే ఒక ఏడు ఆ వరస తప్పింది. అరవై రెండో, అరవై మూడో సంవత్సరం, ఊరికి కరెంటు స్తంభాలు వచ్చిన కొత్త.

కరెంటుకన్నా ముందు ఊళ్లోకి సిమెంటు వచ్చింది. తెచ్చినవాడు బయ్యన్న. మెట్ట భూములు చాలా ఉన్న ఆసామి. శెనక్కాయల వ్యాపారం, పంచాయతీ సమితి రాజకీయం కూడా ఉన్నాయి. వాళ్ల నాయన కట్టించిన పాత మిద్దె మూర మందం గోడలతో, దూలాల మీద ఆకు పరిచి, ఆకు మీద మట్టి, మట్టి మీద చౌడు కప్పి ఉండేది. నిండు ఎండలో లోపలికి పోతే గుహలోకి పోయినట్టుండేది. మట్టి కింద కూర్చోబెడితే ఆఫీసర్లు తనను పల్లెటూరివాడు అనుకుంటారని బయ్యన్నకు దిగులు. ఆ మిద్దె విప్పించి సిమెంటు కప్పు పోయించాడు. మొదటి ఎండాకాలానికే ఆ కొత్త ఇల్లు కాల్చిన పెనమైంది. గోడకు ఆనుకుంటే వీపు మీద సున్నం బదులు బొబ్బలు అంటుకునేవి. బయ్యన్న తల్లి రామలక్ష్మమ్మ మంచం ఎత్తుకుని పోయి ఎద్దుల కొట్టంలో వేసుకుంది.

"పెద్దమ్మా, మేడ వదిలి ఎద్దుల కాడ పండుకుంటివే?" అని ఎవరో అడిగారు.

"ఎద్దులకు బుద్ధి ఉండాది. నా కొడుకు కట్టిన ఇంట్లోకి ఒక్క ఎద్దన్నా పోతాందేమో చూడు" అంది ముసలమ్మ.

తల్లి మాటకు రోషపడి బయ్యన్న బళ్లారి పోయి, ఒక మేస్త్రీ చేత ఇనుప పెట్టె ఒకటి చేయించుకొచ్చాడు. అలాంటివి ఆ మేస్త్రీ మిలిటరీలో ఉన్నప్పుడు ఉత్తరాదిన చూశాడట. పెట్టెలో పెద్ద కరెంటు పంకా, మూడు పక్కలా వట్టివేళ్ల తడికెలు, పైన చిల్లుల తొట్టి. తొట్టిలో నీళ్లు పోస్తే తడికెలు తడుస్తాయి, పంకా తిరిగితే చల్లగాలి ఇంట్లోకి కొడుతుంది. దానికి ఊరు పెట్టిన పేరు చల్లపెట్టె. కిటికీకి బిగించి, మొదట ఇంటి బావి నీళ్లే పోశారు. నాలుగు రోజులకే తడికెల మీద ఉప్పు తెల్లగా పేరుకుని, గాలి ఆడక, పెట్టె ముసలి దున్నలా రొప్పడం మొదలుపెట్టింది. తియ్య నీళ్లే పొయ్యాలని బళ్లారి నుంచి కబురొచ్చింది.

బయ్యన్నకు తోటలో తియ్యనీళ్ల బావి లేకపోలేదు. అది రెండు మైళ్ల దూరం. అక్కడి నుంచి తేవాలంటే బండి కట్టాలి, ఎద్దులకు మేత వెయ్యాలి, మనిషికి కూలి ఇవ్వాలి. వంక మాత్రం ఇంటి వెనకే. అందుకని కదిరమ్మను పిలిపించాడు. కొర్రలు కూలి. చెలిమ నీళ్లు తెచ్చి, కిటికీ బయట రాయెక్కి తొట్టిలో పొయ్యాలి.

కదిరమ్మ పొంగిపోయింది. కరెంటుతో నడిచే యంత్రం తన చేతి నీళ్ల కోసం నోరు తెరుచుకుని కూర్చుందాయె! ఆ సాయంత్రమే గేరిలో అందరినీ పోగేసింది.

"ఆ పెట్టె ముందర ఒక్క గడియ నిలబడితిని మే, పండ్లు టకటకా కొట్టుకుండాయి. ఎదురుగా గోడ మీద బల్లి ఉండాది చూడు, అది గడ్డకట్టి కింద పడె!"

"బల్లి చచ్చెనా?" అంది పక్కింటి చిన్నక్క.

"చావలే. ఎండకు తెచ్చి పెడితే లేసి పోయింది."

మర్నాటి నుంచి పెద్దింటి నీళ్లంటూ కదిరమ్మ వరస ముందుకు వచ్చేది. వరస కాపాడే మనిషే వరస దాటితే అడిగేదెవరు? పైగా పెద్దింటి పేరు. మొదట ఆడవాళ్లు జరిగి దారిచ్చారు. కానీ ఆ పెట్టె దాహం మామూలు దాహం కాదు. దప్పికగొన్న ఎద్దుల మంద వచ్చి తాగినా కొంత మిగులుతుంది. ఇది కడవ వంచడం ఆలస్యం, ఆవిరి చేసి మళ్లీ నోరు తెరిచేది. కదిరమ్మ ఒక కడవ పోసి వచ్చేసరికి చెలిమలో ఊరిన నీళ్లన్నీ మళ్లీ పెట్టెకే. వరసలోని కడవలు ఎండకు కాగి, ముట్టుకుంటే చురుక్కుమనేవి. ఒక రోజు చిన్నక్క లేచి నిలబడింది.

"ఏమ్మే కదిరీ, పొద్దున్నించి నా కడవ ఈడనే ఉండాది. నువ్వు ఎన్ని తూర్లు వస్తివి, ఎన్ని తూర్లు పోతివి?"

"నా ఇంటికా మే? పెద్దింటికి."

"పెద్దింటోళ్లకు బాయి లేదా?"

"ఆ నీళ్లు పోస్తే పెట్టెకు ఉప్పు పడతాది."

"అయ్యో, పెట్టెకు ఉప్పు పడదంట! సుకుమారం! మన కడుపులకు పడతాదా? నిన్న నా ఇంట్లో ఉప్పునీళ్లతోనే సంగటి కెలికినా. తిన్నోళ్లంతా తెల్లారేదాకా చెంబులు పట్టుకుని పరుగులు."

కదిరమ్మకు ఆ మాట మొహాన కొట్టినట్టయింది. తగ్గే రకమైతే కదిరమ్మ ఎందుకవుతుంది? "నీ ఏడుపు నా కొర్రల మీద" అని ఎదురు తిట్టి, కడవ నెత్తిన పెట్టుకుని పోయింది. పోయిందే గానీ, దారి పొడుగునా సగం తిట్లు తనకే తగులుతున్నట్టు మనసు మనసులో లేదు.

ఆ మధ్యాహ్నం బయ్యన్న ఇంట్లో సమితి ఆఫీసర్లు పెట్టె ముందు కూర్చుని చొక్కా గుండీలు విప్పుకున్నారు. బయ్యన్న బావమరిది తిమ్మప్ప కూడా ఉన్నాడు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం అతనిది, లెక్కలంటే తానే అనుకుంటాడు. కదిరమ్మ కిటికీ బయట రాయి మీద నిలబడి తొట్టిలోకి కడవ వంచుతోంది. లోపలి మాటలు ఆమెకు వినబడుతూనే ఉన్నాయి.

"దీనికి ఖర్చు బాగా అవుతుందేమో బయ్యన్నగారూ" అన్నాడు ఒక ఆఫీసరు.

"తిమ్మప్పా, చెప్పప్పా సార్‌కు."

"పొద్దంతా తిప్పినా ఒక మనిషి తాగే బీడీల ఖర్చు కూడా కాదు సార్. ఏడాదికోసారి తడికెలు మార్చాల. ఆపైన ఏమీ లేదు."

"మరి నీళ్లు?"

బయ్యన్న పొట్ట ఊగేలా నవ్వాడు. "నీళ్లదేముండాది సార్, ఊరికే! వంకలో పడుండాయి. తెచ్చి పోస్తాంటారు."

కదిరమ్మ చేతిలో కడవ ఆగిపోయింది. ఊరికే! నెత్తి మీద వెంట్రుకలు అరిగిపోయింది ఊరికేనా? చిన్నక్క ఇంటిల్లిపాది రాత్రంతా పరుగులు పెట్టింది ఊరికేనా? చిప్పతో తోడి తోడి ఇసుకకు గోళ్లు ఊడింది ఎవరికి? కిటికీలోంచి తల లోపలికి పెట్టింది.

"ఊరికేనా సామీ?"

"ఏమే, పెద్దోళ్లు మాట్లాడుతాంటే మధ్యలో నీదేమి? పోసే పని చూసుకో."

ఆమె ఒక్క మాట కూడా అనలేదు. కదిరమ్మ నోరు మూసుకున్న సంగతి తర్వాత తెలిసి ఊరంతా హడలిపోయింది. భూమి కంపించబోతోందని రామాంజులు రెండు రోజులు చెట్టు కింద పడుకున్నాడు కూడా. ఆమె మాత్రం నేరుగా వంకకు పోయి, పెద్దింటి కడవను వరసలో అందరికన్నా చివర దించింది.

"ఇదేందిమే?" అంది చిన్నక్క.

"పెద్దింటి వంతు. ఇంటికొక కడవ. ఆ పెట్టెకు వేరే కొంప లేదు గదా, ఆ ఇంటి కడవలోనే అదీ తాగల్ల."

చిన్నక్క పక్కకు జరిగింది. కదిరమ్మకు కూర్చోవడానికి చోటు చూపించింది.

ఇంట్లో తడికెలు ఎండాయి. పెట్టె ఇప్పుడు కొలిమి తిత్తిలా నిప్పుగాలి ఊదింది. ఆఫీసర్లు గుండీలు పెట్టుకుని జీపెక్కారు. బయ్యన్న మొహం ఎర్రబడింది. బండి మీద పెద్ద పీపా పెట్టించి, తన దగ్గర బండి తోలే రామాంజులును వంకకు పంపాడు.

"పీపా నింపల్లంట. బయ్యన్న చెప్పినాడు" అన్నాడు రామాంజులు, ఎద్దుల వెనక దాక్కుని.

"నింపుకో నాయనా, ఎవరొద్దన్నారు? ఆ కడవ చూడు, మీ ఇంటిదే. దాని వంతు వచ్చినప్పుడు నింపు" అంది కదిరమ్మ.

"పీపా తెచ్చింటి గదా?"

"ఏనుగును తెచ్చినా వంతుకు ఒక్క కడవే."

రామాంజులు పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. ఎద్దులు నిద్రపోయి లేచాయి. ఆఖరుకు పీపా అడుగున ఒక్క కడవ నీళ్లు గలగలలాడించుకుంటూ ఇంటికి పోయాడు. ఆ చప్పుడుకు ఊరు ఊరంతా నవ్వింది. బయ్యన్న ఆ రోజు పీపాను తన్నాడనీ, కాలికి వారం కట్టు కట్టుకున్నాడనీ అంటారు. కట్టు సంగతి నిజం.

మర్నాడు పొద్దున అదే కాలితో కుంటుకుంటూ తానే వంకకు వచ్చాడు. వెంట పారలతో మనుషులు.

"వంక ఎవరిదే? నీ నాయన తవ్వించినాడా?"

"వంక సర్కారుది సామీ. చెలిమ తవ్వినోళ్లది. చేతులు చూడు కావాలంటే."

"రవ్వంత గుంట తీసి చిప్పతో గోకుతాంటే నీళ్లు యాడ వస్తాయి? తవ్వండిరా లోతుగా. బాయి లోతు చేస్తే నీళ్లు పెరగవా?"

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ వంకలో తియ్యనీళ్లు పైపొరలోనే ఉంటాయి. దాని కింద బంకమట్టి, బంకమట్టి కింద చౌడు. బంక పొర దాకా పార దిగకూడదని ఆ గేరిలో పాకే బిడ్డకు కూడా తెలుసు. బావులు తవ్వించుకుని బతికినవాడికి చెలిమ సంగతి ఏం తెలుస్తుంది? లోతుకు పోతే నీళ్లు దొరుకుతాయన్నది అతనికి పుట్టుకతో వచ్చిన నమ్మకం. కదిరమ్మ గుంటలోకి దూకి అడ్డం నిలబడింది. ఇద్దరు మనుషులు చేతులు పట్టి బయటికి లాగారు. వాళ్లలో ఒకడు ఆమె గేరివాడే. ఆ సంగతి తలచుకుంటే ఆమె ఒళ్లు ముసలితనంలో కూడా మండేది.

పారలు దిగాయి. బంక పెళ్లలు పైకి వచ్చాయి. కింది నుంచి నీళ్లు బుడబుడమని పొంగాయి. "చూడండి మే, నీళ్లు యాడ లేవు?" అని బయ్యన్న మీసం మీద చెయ్యి వేశాడు. పీపా నింపుకుని పోయారు.

వాళ్లు పోయాక చిన్నక్క ఒక దోసెడు తాగి, తుపుక్కున ఉమ్మింది. కదిరమ్మ తాగింది. ఉప్పు! పక్కన ఇంకో గుంట తీశారు. అదీ ఉప్పే. కింది నీళ్లు ఎగదన్ని పై నీళ్లలో కలిసిపోయాయి. వాన వచ్చి వంక పారేదాకా ఆ ఇసుకలో తియ్యనీళ్ల ఆశ లేదు. ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్లుండాలి కదా! కదిరమ్మ ఆ నీళ్లే చెంబు నిండా తీసుకుని బయ్యన్న ఇంటికి పోయింది. వెనక గేరి ఆడవాళ్లంతా నడిచారు.

బయ్యన్న పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. తడికెల మీద అప్పుడే తెల్లటి పొర పట్టింది, పంకా రొప్పుతోంది. పక్కన తిమ్మప్ప ఉన్నాడు.

"తాగు సామీ" అంది కదిరమ్మ చెంబు చాచి. "నువ్వు ఊరికే అంటివే, ఆ నీళ్లే."

"దాహం లేదు పో."

"లేదా? గేరిలో ఉండాది. మాకు ఎండాకాలమంతా ఇదే. నీ బావమరిది లెక్కలో బీడీలు ఉండాయి, తడికెలు ఉండాయి, మేం లేమే! తోటలో తియ్యనీళ్ల బాయి పెట్టుకుని, రెండు ఎద్దుల మేత మిగలబెట్టుకునేదానికి మా గొంతులు ఎండబెడతివి. దీన్నేమంటారప్పా, చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పు!"

తిమ్మప్ప పంకా వైపు చూశాడు. బయ్యన్న కర్ర కోసం చూశాడు. ఈలోపు కొట్టంలోంచి రామలక్ష్మమ్మ వచ్చి కదిరమ్మ చేతిలోని చెంబు తీసుకుని నోట్లో పోసుకుంది. అక్కడే, కొత్త సిమెంటు నేల మీదే ఉమ్మింది.

"ఒరే బయ్యా, వీళ్లు గొంతెండి ఈడనే పడిపోతే నీకు ఓటేసేదెవురురా? నీ పెట్టె వేస్తాదా?" అంది. తర్వాత వాకిట్లోకి తిరిగి, "రామాంజులూ, బండి కట్టు. తోట బాయి నీళ్లు ముందు గేరికి పోవల్ల. మిగిలితేనే ఈ పెట్టెకు" అని కేకేసింది.

తల్లి మాట కన్నా ఓటు మాట బయ్యన్న చెవికి ఎక్కువ సోకింది. ఆ రోజు నుంచి బండి తిరగడం మొదలైంది. ఎద్దుల మేత, రామాంజులు కూలి, అరిగిన ఇరుసు అన్నీ కలిపి తిమ్మప్ప మళ్లీ లెక్క వేస్తే, పెట్టె ముందు ఒక పూట కూర్చోవడం బళ్లారి పోయి హోటల్లో దిగినంత అయింది. బయ్యన్న పెట్టె ఆపించాడు. సిమెంటు కప్పు మీద మట్టి, చౌడు ఎత్తించి, పైన బోదగడ్డి పందిరి వేయించాడు. ఇల్లు కాస్త నిదానించింది. వాళ్ల నాయన ఏ ఖర్చూ లేకుండా పోయించుకున్న మట్టినే కొడుకు ఇంత ఖర్చుపెట్టి నెత్తికెత్తుకున్నాడని రామలక్ష్మమ్మ కొట్టంలోంచే ఊరందరికీ వినబడేలా చెప్పేది. అయినా మంచం మాత్రం మార్చలేదు.

కథ అక్కడితో సర్దుకుందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు బయ్యన్న తెలియదు. కొన్నాళ్లకు పీపా గేరికి కొత్త వేషంలో వచ్చింది. నల్లగా తారు పూసి, దాని మీద తెల్లటి అక్షరాలు రాయించారు. కదిరమ్మకు చదువు రాదు. పక్కన నిలబడ్డ సుంకప్పను అడిగింది, గేరిలో నాలుగక్షరాలు వచ్చినవాడు అతనే.

"ఏమి రాసినారప్పా?"

"బయ్యన్నగారి ధర్మం అని రాసినారు."

"ఏమి?"

"ధర్మం మే. తాగేదానికి నీళ్లు ఇస్తాండాడు గదా. పంచాయతీ ఎలచ్చన్లు వస్తాండాయి."

చెలిమను పాడు చేసినవాడు దాత అయ్యాడు. నోటి దగ్గరి నీళ్లు లాక్కున్నవాడికి గేరి దండం పెట్టాలట! కదిరమ్మ తిట్లేమీ తిట్టలేదు. పీపా కారి తడిసిన చోట వంగి, రెండు చేతులా బురద తీసి, ఆ అక్షరాల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెత్తింది.

"అయ్యో, నన్ను కొడతాడు!" అన్నాడు రామాంజులు.

"కదిరమ్మ పూసినాదని చెప్పు. నా ఇల్లు ఆయప్పకు తెలుసు."

మూడు రోజులకు అక్షరాలు మళ్లీ వచ్చాయి. మళ్లీ బురద పడింది. ఈసారి చిన్నక్క చేతులు కూడా ఉన్నాయి. ఇంకోసారి రాయించేసరికి గేరిలో ఆడవాళ్లందరూ చేతులు తడుపుకునే కూర్చున్నారు. రంగు డబ్బాలు బురదకన్నా ఖరీదు కాబట్టి బయ్యన్నే ముందు ఆగాడు. వాన పడి వంక పారేదాకా పీపా ఆ మట్టి మొహంతోనే తిరిగింది. ఓట్ల సంగతి అంటారా, అతను గెలిచాడు. అదే కదిరమ్మకు జన్మలో మింగుడు పడని సంగతి. ఎవరెవరు వేశారో తనకు తెలుసంటూ, ఒక్కొక్కరి వాకిట్లో నిలబడి ఒక పూట తిట్టి వచ్చింది.

ఆ వేసవి చివర్లో ఒక రోజు రామాంజులు నీళ్లు పోసి పీపా మూత వేయబోతూ, "రోజూ తెచ్చి పోస్తాండాను, నాకన్నా ఒక మంచి మాట చెప్పరాదా కదిరక్కా?" అన్నాడు.

కదిరమ్మ పీపాలోకి తొంగి చూసింది.

"అడుగున నీళ్లు మిగిలినాయి. సరిగ్గా వంచు" అంది.